చెత్తకుప్ప ఊట చెరువులోకి దిగింది, సున్నం చల్లమంటున్నారు. చల్లనా?

చెరువుపాట

మాది కోనసీమ. ఊరి చివరి పంచాయతీ చెరువును ఈ ఏడాది నేనూ మా చిన్నాన్నా కలిసి వేలం పాటలో పాడుకున్నాం. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేప పిల్ల వేశాం. కొరమీను, మట్టగిడస వాటంతట అవే ఉన్నాయి. తూర్పు గట్టును ఆనుకుని ఊరి చెత్తకుప్ప, దాని వెనక మురుగు బోదె. మా చిన్నప్పుడు అక్కడ పశువుల దొడ్డి ఉండేది. ఇప్పుడు పక్క ఊరి చెత్త కూడా అక్కడికే వస్తోంది. చికెన్ కొట్ల తుక్కు, కల్యాణ మండపం విస్తళ్లు, పాత బ్యాటరీలు, ఏది పడితే అది. వేసవిలో నిప్పు పెడతారు. పొగ రోజుల తరబడి ఆరదు.

కాలువలు కట్టేసి నీరు ఆపాక చెరువులో నీరు నడుము లోతుకు పడిపోయింది. మొన్న తొలకరి గట్టిగా కురిసింది. మర్నాడు పొద్దున చూస్తే తూర్పు గట్టు కింది నుంచి టీ డికాక్షన్ రంగులో ఊట దిగుతోంది. అది దిగే చోట బురద ఇటుక రంగుకు తిరిగింది. నీటి మీద రంగులు తేలే పొర కట్టింది. ఆ సాయంత్రం నాలుగు గంటలప్పుడు వేలెడు పిల్లలు వెల్లకిలా తేలడం మొదలైంది. నత్తలు రేవు మెట్లెక్కి కూర్చున్నాయి. కొరమీను మాత్రం తనకేమీ పట్టనట్టు తిరుగుతోంది.

మందుల కొట్టు ఆయన సున్నం చల్లితే అన్నీ సర్దుకుంటాయన్నాడు. చిన్నాన్న బస్తాలు తెప్పించి గట్టు మీద దింపించాడు కూడా. చల్లాలా? ఇది కుప్ప వల్లేనా, లేక తొలకరికి మామూలుగా జరిగేదేనా? మిగిలిన చేపను పట్టి అమ్ముకోవచ్చా? చదువుకున్న వాళ్లు, అనుభవం ఉన్న వాళ్లు చెప్పండి.

గట్టుమీదపాక

తొలకరికి చేప తేలడం కొత్త విషయం కాదు తమ్ముడూ. మబ్బు పడుతుంది, నాచు చస్తుంది, నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. తెల్లవారుజామున ఇంజను పెట్టి నీటిని పైకి చిమ్మించు. సున్నం కూడా చల్లు, మా నాన్నల నాటి నుంచి చేస్తున్నదే. కుప్ప కళ్లెదురుగా ఉంది కాబట్టి అనుమానం దాని మీదకు పోతోంది. ఎగువన నారుమళ్లకు ఎవరైనా పురుగుమందు కొట్టి ఆ నీరు బోదెలోకి వదిలారేమో అది కూడా కనుక్కో.

నీటిసీసా

ముందు ఆ సున్నం బస్తాల మూతి విప్పకండి. మిగతాది చదివాక నిర్ణయించుకుందురు గాని.

నేను భీమవరం దగ్గర ఒక ఆక్వా ల్యాబ్‌లో నీటి పరీక్షలు చేస్తాను. మా బల్ల మీదకు వచ్చే సీసాల్లో ఎక్కువ భాగం రొయ్యల చెరువులవే. చెత్తకుప్ప పక్కన చెరువుల నీరు కూడా వస్తుంది. అయితే తెచ్చిన వాళ్లు ఆ సంగతి చెప్పరు. సీసా మూత తీయగానే వాసన చెబుతుంది.

సున్నం ఎందుకు వద్దంటున్నానో వినండి. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం, దానితో చేపకు పెద్ద ఇబ్బంది లేదు. రెండోది విడి అమ్మోనియా. అది మొప్పల్లోంచి నేరుగా రక్తంలోకి దూరుతుంది. ఏ రూపం ఎంత ఉండాలో తేల్చేది పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె, ఆ తర్వాత నీటి వేడి. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషపు వాటా నూటికి ఒక పాలు కూడా ఉండదు. 8కి వస్తే ఏడు పాళ్లు దాటుతుంది. 9కి వస్తే దాదాపు 45 పాళ్లు. ఇప్పుడు మీరు పొడిసున్నం చల్లారనుకోండి, పీహెచ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. కుప్పలోంచి కొత్తగా ఒక్క చుక్క దిగకపోయినా అప్పటికే నీటిలో ఉన్న అమ్మోనియా విషమవుతుంది. సాయంత్రానికి మిగిలిన పిల్ల కూడా తేలుతుంది. అప్పుడు కొట్టు ఆయన ఇంకో మందు అమ్ముతాడు.

గట్టుమీదపాక గారు చెప్పిన పద్ధతి ఆక్సిజన్ పడిపోయిన చెరువుకు సరైనదే, ఇంజను మాట వరకు. కానీ మీరు రాసిన ఆనవాళ్లు అటువైపు పోవడం లేదు. ఆక్సిజన్ చావు తెల్లవారుజామున వస్తుంది, ఎందుకంటే రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందులో పెద్ద చేప ముందు పోతుంది, పిల్లలు పైకి వచ్చి నీటి అంచున నోరు పెట్టి గడుపుకుంటాయి. మీ దగ్గర వేలెడు పిల్ల పోయింది, అదీ సాయంత్రం నాలుగింటికి. ఆ వేళకు ఎండలో నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసి ఉంటుంది, పీహెచ్ ఆ రోజుకు గరిష్ఠంగా ఉంటుంది. ఆక్సిజన్ బాగున్న గంటలోనే చేప చస్తోందంటే నేను మొదట అమ్మోనియానే అనుమానిస్తాను.

కొరమీను సాక్ష్యం ఇక్కడ చెల్లదు. అది పైకి వచ్చి గాలి పీల్చుకునే జాతి. అలా గాలి పీల్చే చేపల్లో చాలా వాటికి అమ్మోనియాను ఓర్చుకునే శక్తి కూడా ఎక్కువే. చెరువులో కొరమీను, మట్టగిడస, మార్పు చేప మాత్రమే బతికి బట్టకడుతున్నాయంటే నీరు బాగుందని అర్థం కాదు. పురుగుమందు అయితే రొయ్యపిల్ల, నీటిపురుగులు చేప కన్నా ముందే పోతాయి. రేవు దగ్గర అవి కదులుతున్నాయో లేదో చూసి రాయండి.

ఇటుక రంగు బురద గురించి. కుప్ప లోపల గాలి ఆడదు. అక్కడ ఇనుము కరిగి నీటితో పాటు వస్తుంది. బయటికి వచ్చి గాలి తగలగానే తుప్పుగా మారుతుంది. ఆ మారడానికి కావలసిన ఆక్సిజన్‌ను చెరువు నీటి నుంచే తీసుకుంటుంది. ఆ మెత్తటి తుప్పు చేప గుడ్ల మీద, మొప్పల మీద పూతలా పట్టేస్తుంది. రంగులు తేలే పొరను ఒక పుల్లతో కదిపి చూడండి. పెంకుల్లా పగిలి ముక్కలు అలాగే విడిగా నిలిస్తే అది ఇనుము మీద పెరిగే బాక్టీరియా పొర. పుల్ల తీయగానే మళ్లీ కలిసిపోతే నూనె. మన డెల్టాలో నీరు నిలిచే నేలల్లో చెత్త లేకపోయినా ఈ పెంకు పొర వస్తుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని కుప్ప మీద నేరం మోపలేం.

నేరం రుజువు చేసేది క్లోరైడ్. కుప్ప ఊటలో ఉప్పు ఎక్కువగా ఉంటుంది, క్లోరైడ్‌ను మట్టి పట్టి ఉంచలేదు. అది నీటితో పాటు ముందే నడిచి వస్తుంది. అమ్మోనియంను మాత్రం బంకమట్టి కొంతకాలం పట్టి ఉంచుతుంది, అందుకని వెనక వస్తుంది. గోదావరి కాలువ నీరు ఉప్పు తక్కువ నీరు కాబట్టి తేడా ఇట్టే తెలుస్తుంది. తూర్పు గట్టు ఊట దగ్గర ఒక సీసా, చెరువు నడిమధ్య ఒకటి, పడమటి తూము దగ్గర ఒకటి తీయండి. మీ ఊరి భూగర్భ జలమే ఉప్పగా ఉంటే మాత్రం పోలిక చెడుతుంది. అందుకని కుప్పకు దూరంగా ఉన్న బోరు నీరు కూడా ఒక సీసా పట్టండి. సీసాలు మూతి వరకు నింపి, ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబ్‌కు చేర్చండి. పీహెచ్ మాత్రం గట్టు మీదే చూడాలి, పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి. రైతులు అందరూ పొద్దున్నే నీరు పట్టి తెస్తారు. ఆ సీసాలో పీహెచ్ బుద్ధిగా ఉంటుంది, నేను ఏ ప్రమాదమూ కనిపెట్టలేను.

మీరు వేసవిలో నిప్పు పెడతారని రాశారు. ఆ బూడిద క్షారం. మొదటి వానకు అది కూడా కొట్టుకొచ్చి ఉంటుంది. చికెన్ తుక్కు కుళ్లితే అమ్మోనియా, పక్కనే బూడిద, పైన జూన్ ఎండ, కింద నడుము లోతు నీరు. కాలువ వదిలి ఉంటే కొత్త నీటితో కలిసి ఇదంతా పలచబడేది. కాలువలు కట్టేసిన నెలల్లోనే మాకు ఈ సీసాలు ఎక్కువగా రావడానికి కారణం అదే.

బ్యాటరీలు అన్నారు కాబట్టి సీసం, కాడ్మియం మాట. అందరూ ముందు వాటినే తలుచుకుంటారు, పేపర్లో కూడా అవే వస్తాయి. పాతబడిన కుప్పలో గంధకంతో కలిసి లోహాలు చాలా వరకు అక్కడే గడ్డకట్టి ఉండిపోతాయి. మొన్న సాయంత్రం మీ పిల్లను చంపింది అవి కావు. అలాగని వదిలేయమనడం లేదు. బయటికి వచ్చిన కొద్దిపాటి లోహం అడుగు బురదలో చేరుతుంది, బురద తినే వాటిలో, ఆల్చిప్పల్లో పోగవుతుంది. తూర్పు గట్టు వైపు ఆల్చిప్పలు ఏరుకుని వండుకునే అలవాటు ఎవరికైనా ఉంటే ఆపమనండి.

ఇంకొక్క పని చేయండి, ఖర్చు లేదు. ఆ మూడు చోట్లా అడుగు మట్టి ఒక్కొక్క తట్టెడు తీసి, దోమతెరలో వేసి కడిగి, మిగిలింది తెల్ల పళ్లెంలో నీటిలో వదిలి చూడండి. కదిలేవి ఏమిటో చూడాలి. తూనీగ పిల్లలు, మూడు తోకలతో పొట్ట పక్కన రెక్కల్లాంటి మొప్పలు ఆడించే చిన్న పురుగులు ఉంటే అక్కడ ఇంకా ఊపిరి ఉంది. ఒట్టి ఎర్రపురుగులే మెలికలు తిరుగుతుంటే ఆక్సిజన్ పోయింది. వాటి ఒంట్లో మన రక్తంలో ఉండే హిమోగ్లోబినే ఉంటుంది, అందుకే ఆ ఎరుపు, అందుకే ఆక్సిజన్ దాదాపు లేని బురదలో కూడా బతుకుతాయి. అవి కూడా లేకపోతే నాకు వెంటనే చెప్పండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా నదుల నాణ్యతను ఈ అడుగు జీవాలను బట్టి లెక్కగట్టే పద్ధతి ఒకటి పెట్టింది, కాబట్టి ఇది నా చాదస్తం కాదు. మీకు దీని వల్ల డబ్బు నష్టం కూడా ఉంది. బొచ్చె పైనీటిలో తింటుంది, శీలావతి నడిమి నీటిలో, ఎర్రమోసు అడుగున. అడుగు చచ్చిన చెరువులో ఎర్రమోసు పిల్ల వేయడం అంటే తవుడు డబ్బులు బురదలో పోయడమే.

చెరువుపాట

మేడమ్ గారూ, చిన్నాన్నతో పెద్ద గొడవే అయింది కానీ సున్నం ఆపాం. మీరు చెప్పినట్టు చూశాను. పీహెచ్ పొద్దున 7.5, మధ్యాహ్నం 9. ల్యాబ్‌లో మొత్తం అమ్మోనియా చెరువు మధ్య లీటరుకు 2 మిల్లీగ్రాములు వచ్చింది. ఊట దిగే చోట సీసాకు వాళ్ల కిట్ చాలలేదట, నీరు కలిపి మళ్లీ చూడాల్సి వచ్చింది. క్లోరైడ్ ఊట దగ్గర పడమటి తూము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. దూరపు బోరు నీరు తూము నీటికి దగ్గరగానే ఉంది. పొర పుల్లతో కదిపితే పెంకుల్లా పగిలింది. రొయ్యపిల్ల పడమటి రేవులో బాగానే ఎగురుతోంది.

అడుగు మట్టిలో పడమట తూనీగ పిల్లలు, తోకల పురుగులు, చిన్న నత్తలు కనిపించాయి. మధ్యలో ఎర్రపురుగులు. తూర్పున పళ్లెంలో ఏమీ కదల్లేదు. నల్లటి జిగురు మట్టి, కుళ్లిన గుడ్డు వాసన. మా అమ్మ పళ్లెం బయట పారేయించింది.

నీటిసీసా

లెక్క మీరే చూడండి. పొద్దున 2 మిల్లీగ్రాముల్లో విషపు వాటా 0.05. మధ్యాహ్నం అదే నీటిలో 0.9. మొప్పలకు దెబ్బ తగలడం 0.05 దగ్గరే మొదలవుతుంది. చేప తన ఒంట్లో పుట్టే అమ్మోనియాను మొప్పల్లోంచే బయటికి వదులుతుంది. బయటి నీటిలోనే అది నిండి ఉంటే వదలడానికి చోటు లేదు, రక్తంలో పేరుకుని మెదడుకు ఎక్కుతుంది. పిల్లలు వెల్లకిలా తేలడం అందుకే. పైన నారుమళ్ల మందు అయితే రొయ్యపిల్ల ఎగరదు, కాబట్టి ఆ అనుమానం వదిలేయవచ్చు.

ఈ వారం మేత పూర్తిగా ఆపండి. మేత ఎంత వేస్తే అమ్మోనియా అంత పెరుగుతుంది. నీటిలో గాలి కలిపే ఏరేటర్ ఉంటే పెట్టండి. అమ్మోనియాను పట్టి ఉంచే జియోలైట్ అనే ఖనిజం మంచినీటిలో కొంత పనిచేస్తుంది కానీ మీ చెరువంతటికీ సరిపడా కొంటే చేప ధర దానికే పోతుంది. అసలు పని తూర్పు గట్టు అవతల ఉంది. కుప్పకూ గట్టుకూ మధ్య ఒక కందకం తవ్వించి ఊటను అందులోకి మళ్లించండి. అది నిండితే బోదెలోకి తెంపకండి, కింది ఊరి వాళ్లకు అదే గతి పడుతుంది. కుప్ప మీద పడే వాన నీటిని తగ్గించాలి, మట్టి కప్పించినా చాలా తేడా ఉంటుంది. వాన లోపలికి దిగకపోతే ఊట పుట్టదు.

చచ్చిన చేపను ఎవరికీ అమ్మవద్దు, కోళ్లకూ వేయవద్దు, గొయ్యి తీసి పూడ్చండి, ఆ గొయ్యి కూడా చెరువుకు దూరంగా. బతికిన బొచ్చె, శీలావతి సంగతి వేరు. అమ్మోనియా కండలో నిల్వ ఉండదు, కాలువ నీరు వచ్చి చేప కోలుకున్నాక పట్టుకోవచ్చు. పట్టే ముందు ఒక చేపను లోహాల పరీక్షకు పంపితే మీకూ, కొనేవాళ్లకూ మంచిది.

రిటైర్డ్‌కార్యదర్శి

నేను పంచాయతీల్లో పనిచేసి రిటైరయ్యాను. చట్టం వైపు రెండు మాటలు. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లో చెత్త పూడ్చే స్థలం నదికి 100 మీటర్లు, చెరువుకు 200 మీటర్లు, ఇళ్లకూ తాగునీటి బావులకూ 200 మీటర్లు దూరంగా ఉండాలని రాశారు. అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద 1.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర ఉండాలన్నారు. భూగర్భ జలం ఆ మట్టి పొరకు కనీసం రెండు మీటర్ల కింద ఉండాలన్నారు. మన డెల్టాలో వానాకాలం బావిలో చెయ్యి పెడితే నీరు అందే ఊళ్లు ఎన్నో. ఆ రెండు మీటర్ల షరతుకు నిలిచే స్థలం చూపించమంటే నేను ఉద్యోగంలో ఉన్నప్పుడూ చూపించలేకపోయేవాణ్ని, ఇప్పటి వాళ్లూ చూపించలేరు. కాబట్టి ఇక్కడ పూడ్చడం అనే ఆలోచనే తప్పు. తడి చెత్త ఊళ్లోనే ఎరువు కావాలి, పొడి చెత్త బయటికి వెళ్లాలి. చెత్తను ఎరువు చేసే సంపద తయారీ కేంద్రం పేరుతో చాలా ఊళ్లలో షెడ్లు కట్టారు. మీ ఊళ్లో ఉంటే అది నడుస్తోందో, తాళం వేసి ఉందో ముందు చూడండి.

మీ ల్యాబ్ కాగితం మీకు పనికొస్తుంది కానీ 1974 నీటి చట్టం కింద కేసుకు పనికిరాదు. ఆ చట్టం ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అధికారి నోటీసు ఇచ్చి పద్ధతిగా తీసిన నమూనాయే సాక్ష్యం. కాబట్టి అర్జీలో మీ అంకెలు రాసి, నమూనా తీయమని అడగండి. కందకం తవ్వడానికి ముందే అడగండి, తర్వాత ఊట కనిపించదు. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలనుకుంటే దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. నష్టపరిహారం అడగడానికి ఐదేళ్ల గడువు ఉంటుంది గాని, కుప్ప తీయించమని అడిగే దరఖాస్తుకు ఆరు నెలలే.

గట్టుమీదపాక

సున్నం విషయం నాకు కొత్త. మా వైపు అందరం సాయంత్రమే చల్లుతాం, చల్లబడ్డాక మంచిదని. ఇకపై పీహెచ్ చూసి చల్లమని మావాళ్లకు చెబుతాను. నాది ఇంకో ప్రశ్న. మా ఊళ్లో మంచినీటి చెరువు నింపే తూము దగ్గరే, కాలువ గట్టు మీద ఇలాంటి కుప్ప ఉంది. బ్లీచింగ్ వేస్తున్నారు కదా, భయం లేదంటారా?

నీటిసీసా

భయం ఉంది. అమ్మోనియా ఉన్న నీటిలో బ్లీచింగ్ వేస్తే క్లోరిన్ ముందు అమ్మోనియాతో కలిసిపోతుంది. అలా పుట్టే క్లోరమైన్లకు క్రిములను చంపే శక్తి చాలా తక్కువ. ఒక పాలు అమ్మోనియాను దాటుకుని క్లోరిన్ మిగలాలంటే సుమారు ఎనిమిది నుంచి పది పాళ్లు వేయాలి. పంచాయతీలో అంత ఎవరూ వేయరు. డబ్బా ఖాళీ అవుతుంది, రిజిస్టరులో రాస్తారు, కుళాయిలో క్లోరిన్ ఉండదు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల విడి క్లోరిన్ ఉండాలి. రంగు మారే చిన్న కిట్‌తో మీరే చూసుకోవచ్చు, ఆక్వా మందుల కొట్లలో దొరుకుతుంది. కొనేటప్పుడు మొత్తం క్లోరిన్ కాకుండా విడి క్లోరిన్ చూపేదే అడగండి, రెండూ ఒకే రకం డబ్బాల్లో వస్తాయి. కాలువ వదిలిన మొదటి రోజుల్లో గట్టు మీది మురికంతా ముందు కొట్టుకొస్తుంది. ఆ నీరు పోయేదాకా తూము ఎత్తవద్దని లాకు దగ్గర నీరు వదిలే లస్కరుకూ, మీ నీటి సరఫరా చూసే అబ్బాయికీ ఇప్పుడే చెప్పి ఉంచండి.